ఇంటి లేత్ ఎక్కడ వంగుతుంది?

లేత్ అంటే లోహపు కడ్డీని తిప్పుతూ, దానికి టూల్ ఆనించి కోసే మిషన్. పది మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మామూలు మెత్త ఉక్కు) కడ్డీ ఒకటి దాని చక్‌లో, అంటే కడ్డీని పట్టి తిప్పే దవడల్లో, బిగించి, 60 మి.మీ. బయటికి వదిలి, కాస్త బలంగా ఒక కట్ తీస్తే ఒక తమాషా కనిపిస్తుంది. చక్ పక్కన మైక్రోమీటర్ పెడితే 9.50 చూపిస్తుంది. కొన దగ్గర పెడితే 9.60 దాటుతుంది. హ్యాండిల్ ఎవరూ ముట్టుకోలేదు, టూల్ జరగలేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే కట్. కొత్తగా లేత్ కొన్నవాళ్లు సరిగ్గా ఇక్కడే టెన్షన్ పడి అమ్మినవాడికి ఫోన్ చేస్తారు. మిషన్‌లో ఏ లోపమూ లేదు. కడ్డీ వంగింది, అంతే.

ఎంత వంగుతుందో లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఒక చివర బిగించిన 10 మి.మీ. ఉక్కు కడ్డీని 60 మి.మీ. దూరంలో 10 కిలోల బలంతో పక్కకు నెడితే సుమారు 0.07 మి.మీ. జరుగుతుంది. టూల్ నుంచి కడ్డీ అంత దూరం తప్పుకుంటే వ్యాసంలో తేడా దానికి రెట్టింపు. అదే కడ్డీని 30 మి.మీ. మాత్రమే బయటికి వదిలితే వంపు 0.01 లోపే ఉంటుంది. పొడవు సగమైతే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మందం సగమైతే మాత్రం పదహారు రెట్లు పెరుగుతుంది. వ్యాసానికి మూడు రెట్ల కంటే ఎక్కువ పొడవు బయటికి వదలకూడదని, వదలాల్సి వస్తే రెండో కొసకు టెయిల్‌స్టాక్ సెంటర్ అనే మొన ఆనించాలని టర్నర్లు (లేత్ పనివాళ్లు) చెప్పే లెక్క ఇక్కడి నుంచే వచ్చింది.

ఇంటి వర్క్‌షాప్ గురించి తెలుసుకోవాల్సిన వాటిలో సగం ఈ ఒక్క కడ్డీలోనే ఉంది. టూల్ మొన నుంచి దాన్ని పట్టుకునే టూల్ పోస్ట్, దాని కింద కోణానికి తిప్పుకునే కాంపౌండ్ స్లైడ్, టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్, వాటిని మోస్తూ పొడవునా నడిచే క్యారేజ్, అది నడిచే పట్టాల బెడ్, అటు తిరిగితే ఎడమ కొసన ఉండే హెడ్‌స్టాక్, అందులో తిరిగే ఇరుసు స్పిండిల్, చక్, చివరికి జాబ్, అంటే మనం కోసే ముక్క. ఇది ఒక గొలుసు. ప్రతి కొక్కెం దగ్గరా కొంత వదులు, కొంత వంపు ఉంటాయి. ఫ్యాక్టరీ లేత్‌లో టన్నుల కొద్దీ బీడు (పోత ఇనుము) ఆ వంపును మింగేస్తుంది కాబట్టి అక్కడ చేయి తిరగనివాడి తప్పు కూడా కొంత దాగిపోతుంది. బల్ల మీద పెట్టుకునే లేత్‌కు ఆ దాపరికం లేదు. ఇంట్లో మంచి పని చేసేవాళ్ల నేర్పంతా ఏ పనికి ఏ కొక్కెం వంగుతుందో ముందే పసిగట్టడంలో ఉంటుంది.

అందుకే లేత్ కొనేటప్పుడు మొదట అడగాల్సింది బరువు. మోటారు ఎన్ని హార్స్‌పవర్, డిజిటల్ డిస్‌ప్లే ఉందా లేదా అన్నవి తర్వాత. చైనా నుంచి వచ్చి రకరకాల పేర్లతో అమ్ముడయ్యే మినీ లేత్ సుమారు 40 కిలోలు ఉంటుంది, బెడ్ మీద 180 మి.మీ. వ్యాసం దాకా తిరగనిస్తుంది. చిన్న ఇత్తడి పనికి, బొమ్మ ఇంజన్లకు, కెమెరా విడిభాగాలకు బాగానే సరిపోతుంది. ఇంగ్లండ్‌లో ఇంటి వర్క్‌షాప్ అనగానే గుర్తొచ్చే మైఫోర్డ్ ఎంఎల్7 1946లో నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో పుట్టింది. సైజులో పెద్దదేమీ కాకపోయినా నేటికీ పాత ముక్కలు మంచి ధర పలుకుతాయి. మన దగ్గర లేత్‌ను అడుగుల్లో అడుగుతారు: నాలుగున్నర అడుగులది, ఆరడుగులది అని. ఆ కొలత బెడ్ పొడవు. బటాలా, లుధియానా, రాజ్‌కోట్‌లలో తయారయ్యే ఈ బెల్ట్ లేత్‌లు చూడ్డానికి మోటుగానే ఉంటాయి, గేర్లు గోల చేస్తాయి, డయల్ మీద గీతలు అరిగిన పావలా మీద బొమ్మలా ఉంటాయి. అయినా వాటిలో బీడుకు కొరత ఉండదు. కారు షెడ్డులో నేల మీద చోటుండి, దించుకోవడానికి మనుషులు దొరికితే, కొత్త మినీ లేత్ కంటే ఇలాంటి పాతదే మేలు చేసే సందర్భాలు ఎక్కువ.

పాతది కొనేటప్పుడు రంగు చూసి ఉపయోగం లేదు. క్యారేజ్‌ను చక్ పక్కకు తెచ్చి, ఊగకుండా గిబ్ (స్లైడ్ వదులు తీసే పట్టీ) బిగించి, అలాగే టెయిల్‌స్టాక్ వైపు తిప్పుకుంటూ పోవాలి. మధ్యలో బిగుసుకుపోతే చక్ పక్కన బెడ్ అరిగిందని అర్థం. పనంతా అక్కడే జరుగుతుంది కాబట్టి ఎంతో కొంత అరుగుదల మామూలే, అసలు కదలకపోతే మాత్రం ఆలోచించాలి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట టూల్స్, చక్‌లు, కొలత పరికరాలు కొత్తవీ పాతవీ దొరుకుతాయి. హైదరాబాద్ ప్రాంతానికి ఈ పనితో పాత చుట్టరికమే ఉంది. 1943లో మొదలైన మిషన్ల తయారీ కంపెనీ ప్రాగా టూల్స్ ఇక్కడిదే. 1953లో బెంగళూరులో పుట్టిన హెచ్ఎంటీ ఆ తర్వాత ఇక్కడా ఫ్యాక్టరీ పెట్టింది. ఆ కాలపు చక్ గానీ, వైస్ గానీ మంచి స్థితిలో దొరికితే వదులుకోకూడదు.

కరెంటు సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఇంట్లో గీజర్‌కు వాడే 16 యాంపియర్ల ప్లగ్, సరైన ఎర్తింగ్ ఉంటే చాలు. పాత లేత్‌కు త్రీఫేజ్ మోటారు ఉంటే దాన్ని పీకి పారేయక్కర్లేదు. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ పెట్టొచ్చు, కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని కూడా మార్చే పెట్టె అది. అయితే దాని నుంచి వచ్చేది 230 వోల్టులే కాబట్టి 415కు స్టార్‌లో కట్టిన మోటారు వైండింగ్‌ను డెల్టాకు మార్చే వీలుందో లేదో నేమ్‌ప్లేట్ మీద చూసుకోవాలి. వీఎఫ్‌డీ ఉంది కదా అని బెల్టు పుల్లీలు తీసేయడం మాత్రం పొరపాటు. ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గిస్తే మోటారు తిప్పే బలం పెరగదు, ఇచ్చే పవర్ సగమైపోతుంది. పుల్లీతోనో, బ్యాక్ గేర్‌తోనో (స్పిండిల్ వేగాన్ని తగ్గించే గేర్లు) వేగం తగ్గిస్తే ఆ తగ్గిన వేగం బలంగా మారుతుంది. మినీ లేత్ నాబ్ తిప్పి 60 ఆర్‌పీఎంకు తెచ్చి పెద్ద బీడు ఫ్లాంజ్ మీద కట్ పెడితే మోటారు ఆగిపోయేది అందుకే.

వేగానికి గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే ఉంది. లోహానికి తగిన కటింగ్ స్పీడ్‌ను మీటర్లలో తీసుకుని 320తో గుణించి, మిల్లీమీటర్లలో ఉన్న వ్యాసంతో భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో ఎం.ఎస్.కు నిమిషానికి 25 మీటర్లు, బీడుకు 18, ఇత్తడికి 50 దాకా, అల్యూమినియంకు 60 పైన అనుకుంటే ఇంటి పనికి సరిపోతుంది. అంటే 25 మి.మీ. ఎం.ఎస్. రాడ్‌కు 320 ఆర్‌పీఎం, 10 మి.మీ. కడ్డీకి 800. అంతకంటే గట్టిదైన కార్బైడ్ టూల్ అయితే మూడింతలు. ఈ అంకెలను వేదంలా పట్టుకోనక్కర్లేదు, చిన్న లేత్‌లో వీటికంటే కొంచెం తగ్గినా నష్టం లేదు. స్టెయిన్‌లెస్ దగ్గర మాత్రం వేగం పెంచి, భయపడుతూ టూల్‌ను రుద్దితే, ఆ పైపొర గట్టిపడి తర్వాతి కట్‌కు అసలు లొంగదు.

ఇక అంచు. ఇప్పుడు ఏ వీడియోలో చూసినా కార్బైడ్ ఇన్సర్ట్‌లే, అంటే హోల్డర్‌కు బిగించి, అరిగితే మార్చేసే బిళ్లలే. వాటిని తీసిపారేయక్కర్లేదు గానీ, ఇంటి లేత్‌లో వాటి స్వభావం తెలుసుకుని వాడాలి. మామూలుగా ఉక్కుకు వచ్చే సీసీఎంటీ 060204 తీసుకుంటే, చివరి 04 అంటే మొన గుండ్రం 0.4 మి.మీ. అని. పైగా దాని అంచు విరగకుండా ఉండటానికి కొద్దిగా మొండి చేసి ఉంటుంది. ఫ్యాక్టరీలో అది మిల్లీమీటర్ పైగా లోతుతో కోస్తూ పోతుంది కాబట్టి ఆ మొండితనం తెలియదు. ఇంట్లో చివరి కట్ అని 0.05 పెడితే అది కోయదు, ఇస్త్రీ చేస్తుంది. తీయాల్సిన దాంట్లో సగమే పోతుంది, మిగతా సగం తర్వాతి కట్‌లో ఒక్కసారిగా ఊడుతుంది, కొలత చేయి దాటిపోతుంది. అల్యూమినియం కోసం పాలిష్ చేసి పదునుగా వచ్చే సీసీజీటీ ఇన్సర్ట్ ఉక్కు మీద కూడా సన్నటి కట్‌లకు బాగా పనికొస్తుందని ఇంట్లో పనిచేసేవాళ్లు కనిపెట్టుకున్నారు. ఎక్కువ రోజులు రాదు, కానీ కోస్తుంది.

హెచ్ఎస్ఎస్ బిట్‌కు ఈ బాధ లేదు. మిరాండా కంపెనీ బిట్ ఒకటి, ఆరంగుళాల బెంచ్ గ్రైండర్, ఒక ఆయిల్ స్టోన్ ఉంటే ఎలాంటి అంచు కావాలంటే అలాంటి అంచు సానబెట్టుకోవచ్చు. పక్కన, ముందు 8 నుంచి 10 డిగ్రీల క్లియరెన్స్, అంటే టూల్ జాబ్‌కు రుద్దుకోకుండా ఇచ్చే వాలు. పైన రేక్, అంటే కోసిన పొట్టు జారే ముఖానికి ఇచ్చే వాలు, ఉక్కుకు 12 నుంచి 15 డిగ్రీలు, అల్యూమినియంకు ఇంకా ఎక్కువ, ఇత్తడికి, గన్‌మెటల్‌కు (ఒక రకం కంచు) సున్నా. ఇత్తడికి రేక్ ఇస్తే టూల్ లోహంలోకి తనంతట తాను దూసుకుపోతుంది. మొదటి నాలుగు బిట్‌లు వంకరటింకరగా వస్తాయి, అయిదోది పనిచేస్తుంది. గ్రైండర్ దగ్గర బిట్ నీలంగా మారిందని కంగారు పడనక్కర్లేదు, ఎర్రబడే దాకా దాని గట్టితనం పోదు. అసలు మెరుగు వచ్చేది గ్రైండర్ మీద కాదు, ఆ తర్వాత ఆయిల్ స్టోన్ మీద రుద్దే రెండు నిమిషాల్లో. గోటి మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి, అదీ గుర్తు.

ఎంత పదును పెట్టినా టూల్ మొన జాబ్ మధ్య ఎత్తుకు రాకపోతే అంతా వృథా. దీనికి పరికరం కొననక్కర్లేదు, ఆరంగుళాల స్టీలు స్కేలు చాలు. లేత్ ఆపి, గుండ్రటి జాబ్‌కూ టూల్ మొనకూ మధ్య స్కేలును నిలువుగా పెట్టి, క్రాస్ స్లైడ్‌తో మెల్లగా నొక్కాలి. స్కేలు నిట్టనిలువుగా నిలిస్తే ఎత్తు సరిపోయింది. స్కేలు పైభాగం మన వైపు ఒరిగితే టూల్ కిందకు ఉంది. అవతలికి ఒరిగితే పైకి ఉంది. ఫేసింగ్ (జాబ్ కొసను చదునుగా కోయడం) చేసినప్పుడు నడిమధ్యలో చిన్న బొడిపె మిగిలిపోతుంటే కూడా ఇదే రోగం. టూల్ కింద పెట్టే పలకలకు పాత హ్యాక్‌సా బ్లేడు ముక్కలు, డబ్బా రేకులు ఏవైనా పనికొస్తాయి. ఈ తతంగమంతా విసుగనిపించినవాళ్లు ఎత్తు స్క్రూతో మారే క్విక్ ఛేంజ్ టూల్ పోస్ట్ కొనుక్కుంటారు. ఇంటి వర్క్‌షాప్‌లో డబ్బుకు తగిన ఫలం ఇచ్చే కొనుగోళ్లలో అదొకటి.

ఇప్పుడు ఒక పనిని దగ్గరగా చూద్దాం. 16 మి.మీ. షాఫ్ట్ తిరగడానికి గన్‌మెటల్ బుష్, అంటే గొట్టం లాంటి తొడుగు కావాలి. బయటి వ్యాసం 24, పొడవు 30, హౌసింగ్‌లోకి, అంటే అది కూర్చునే బెజ్జంలోకి, నొక్కి దించేది. ఇంటి లేత్‌కు సరైన పరీక్ష ఇదే, ఎందుకంటే లోపలి బెజ్జం, బయటి గుండ్రం ఒకే కేంద్రం మీద ఉండాలి. మూడు దవడలూ ఒకేసారి కదిలే మామూలు త్రీ జా చక్ 0.05 నుంచి 0.1 మి.మీ. దాకా తప్పుగా పట్టుకుంటుంది. ఒకసారి బెజ్జం చేసి, తిప్పి బిగించి బయట టర్నింగ్ చేస్తే ఆ తప్పంతా బుష్‌లోకి దిగుతుంది. అదే మొత్తం పనిని ఒకే పట్టులో, చక్ వదలకుండా పూర్తిచేస్తే చక్ ఎంత తప్పుగా పట్టుకున్నా సంబంధం లేదు. తిరిగేది స్పిండిల్, కోసేది దాని కేంద్రం చుట్టూ. వెయ్యి రూపాయల చక్‌తో లక్ష రూపాయల చక్ పని చేయించుకునే ఉపాయం ఇది.

28 మి.మీ. గన్‌మెటల్ రాడ్‌ను 45 మి.మీ. బయటికి వదిలి బిగించాలి. నిమిషానికి 40 మీటర్ల చొప్పున లెక్క వేస్తే సుమారు 450 ఆర్‌పీఎం. ముందు ఫేసింగ్, తర్వాత సెంటర్ డ్రిల్, 8 మి.మీ. డ్రిల్, ఆపైన 15. గన్‌మెటల్‌లో పెద్ద డ్రిల్ ఒక్కోసారి స్క్రూలా లోపలికి లాక్కుపోయి టెయిల్‌స్టాక్‌నే కదిలించేస్తుంది. డ్రిల్ కోత అంచు ముఖాన్ని ఆయిల్ స్టోన్‌తో రెండుసార్లు చదును చేస్తే ఆ లాగుడు పోతుంది. తర్వాత బయట 24.4 దాకా, లోపల 15.7 దాకా మోటుగా తీసేసి, టీ తాగి రావాలి. ఇది సరదాకు చెప్పే మాట కాదు. చేతికి వేడిగా తగిలే జాబ్ చల్లారాక 0.01 పైగా కుదించుకుంటుంది, ఆ కొలతే మనకు కావాల్సిన కొలత.

లోపలి కోతకు 10 మి.మీ. బోరింగ్ బార్ వాడితే, 30 లోతు కోసం 40 బయటికి రావాలి. ఉక్కు బార్‌కు దాని వ్యాసానికి నాలుగు రెట్లే హద్దు, కాబట్టి ఇక్కడ మనం అంచు మీదే నిలబడ్డాం. బార్ వంగుతుందని ముందే ఒప్పుకుని, దాని వంపును స్థిరంగా ఉంచడమే మార్గం. ఆఖరి మూడు కట్‌లూ ఒకే లోతులో, ఒకే ఫీడ్‌లో (చుట్టుకు టూల్ జరిగే దూరం) తీస్తే ప్రతిసారీ ఒకే మోతాదులో వంగుతుంది. మొదటి రెండూ కొలిచి చూస్తే హ్యాండిల్ ఎంత తిప్పితే నిజంగా ఎంత పోతోందో తెలిసిపోతుంది, మూడోది గురి చూసి కొట్టొచ్చు. క్రాస్ స్లైడ్ స్క్రూలో వదులు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి డయల్‌ను ఒకే వైపు నుంచి అంకె మీదకు తేవాలి. దాటిపోతే కొంచెం వెనక్కి తెచ్చి ఆపితే చాలదు, ఒక అర చుట్టు పూర్తిగా వెనక్కి పోయి మళ్లీ రావాలి. ఇంకో సంగతి, కొన్ని లేత్‌ల డయల్ టూల్ కదిలిన దూరం చూపిస్తుంది, కొన్నింటిది వ్యాసంలో తగ్గే మొత్తం. ఏది ఏదో తెలుసుకోకుండా మొదటి జాబ్ పాడుచేసుకోని వాళ్లు తక్కువ.

షాఫ్ట్ బుష్‌లో తిరగాలంటే వ్యాసంలో వెయ్యో వంతు పైచిలుకు ఖాళీ కావాలి, 16కు 0.02 అనుకుందాం. అలాగని బెజ్జాన్ని 16.02 చేస్తే చిక్కే. హౌసింగ్ కంటే బుష్ బయటి వ్యాసం 0.03 ఎక్కువ పెట్టి నొక్కి దించినప్పుడు ఆ 0.03లో చాలా భాగం లోపలి బెజ్జం ముడుచుకోవడంలో తేలుతుంది. అందుకని 16.05 దగ్గర ఆపితే, దించాక 16.02 చుట్టుపక్కల నిలుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక, షాఫ్ట్ పట్టడం లేదని బిగించిన బుష్‌ను ఏమరీ కాగితంతో గీకేవాళ్లు ఎందరో. బెజ్జం కొలవడానికి ఖరీదైన గేజ్ లేకపోతే, ముందే ఓ ఎం.ఎస్. ముక్క మీద 16.00, 16.03, 16.05 అని మూడు మెట్లు టర్నింగ్ చేసుకుంటే అదే గేజ్. వెర్నియర్ లోపలి దవడలతో బెజ్జం కొలిచి నమ్మడం కంటే అది వెయ్యి రెట్లు నయం. బయటి కొలత తేలాక, హౌసింగ్‌లోకి దూరే చివర సన్నటి చాంఫర్ (ఏటవాలు అంచు) కొట్టి, పార్టింగ్ చేయాలి, అంటే రాడ్ నుంచి బుష్‌ను కోసి వేరుచేయాలి.

పార్టింగ్ అంటే ఇంటి లేత్ దగ్గర గుండె దడ. పల్చటి బ్లేడు లాంటి టూల్ జాబ్‌లోకి లోతుగా దిగుతుంది, రెండు పక్కలా గోడలు, పొట్టు బయటికి రావడానికి చోటుండదు. గొలుసులో ఏ కొక్కెం వదులుగా ఉన్నా ఇక్కడ బయటపడుతుంది. టూల్‌ను కావాల్సినంతే బయటికి పెట్టాలి, చక్‌కు వీలైనంత దగ్గర కోయాలి, బెడ్ మీద క్యారేజ్‌ను లాక్ చేయాలి, కాంపౌండ్ గిబ్ బిగించాలి. వేగం మామూలు టర్నింగ్‌లో సగం. ఉక్కు అయితే నూనె ధారగా పడాలి, గన్‌మెటల్‌కు అక్కర్లేదు. ఇక అందరూ చేసే తప్పు, భయంతో చేయి వెనక్కి లాగడం. టూల్ లోహాన్ని కోయకుండా రుద్దడం మొదలుపెట్టగానే కీచుమని అరుపు, వణుకు. అప్పుడు వేగం తగ్గించి, ఫీడ్ కొంచెం పెంచాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. వెనక వైపు టూల్‌పోస్ట్ పెట్టి టూల్‌ను తలకిందులుగా బిగించే పద్ధతి ఇంగ్లండ్‌లో ఇంటి టర్నర్లకు ఇష్టమైనది. అక్కడ కోత బలం పైకి తోస్తుంది కాబట్టి, పట్టేసినా టూల్ లోపలికి దూసుకుపోకుండా పైకి, బయటికి తప్పుకుంటుంది. బల్ల లేత్‌కు అది వరం.

రెండో పట్టు తప్పని పనులూ ఉంటాయి. అప్పుడు నాలుగు దవడలూ విడివిడిగా కదిలే ఫోర్ జా చక్. దాన్ని చూసి పారిపోయేవాళ్లకు ఒక్క మాట: జాబ్‌కు ఆనించిన డయల్ గేజ్ చూపించే తేడాలో సగమే జరపాలి. ఎదురెదురు దవడల దగ్గర 0.40 తేడా వస్తే 0.20 జరిపితే చాలు, ఎందుకంటే డయల్ చూపించేది తప్పును అటూ ఇటూ కలిపి. ఒక జత సరిచేశాకే రెండో జత. పదోసారికి అయిదు నిమిషాల్లో 0.02 లోపలికి వస్తుంది, మామూలు త్రీ జా చక్ ఇవ్వని నిజం అది.

మరలు కోయడం దగ్గర లేత్ తన అసలు తెలివి చూపిస్తుంది. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే అనే ఇంజనీరు లీడ్‌స్క్రూ (క్యారేజ్‌ను నడిపే పొడవాటి మర), స్లైడ్ రెస్ట్ (టూల్‌ను పట్టి జరిపే స్లైడ్), మార్చుకునే గేర్లు ఒకే లోహపు లేత్‌లో కూర్చినప్పటి నుంచి సూత్రం మారలేదు. స్పిండిల్ ఒక చుట్టు తిరిగేలోగా క్యారేజ్ ఎంత జరగాలో గేర్లు చెబుతాయి. చిక్కంతా అంగుళానికీ మిల్లీమీటరుకూ మధ్య. 1959 నుంచి అంగుళం అంటే సరిగ్గా 25.4 మి.మీ. అయిదు అంగుళాలకు 127 మి.మీ. ఆ 127 ప్రధాన సంఖ్య, చిన్న గేర్లుగా విడగొట్టడం కుదరదు. అందుకే అంగుళాల లీడ్‌స్క్రూ మీద మిల్లీమీటర్ మరలు కోయాలంటే 127 పళ్ల గేర్ కావాలి, అది చిన్న లేత్ మూతలో పట్టదు. దాని బదులు 63 పళ్ల గేర్ వాడుకునే ఉపాయం ఉంది. 80ని 63తో భాగిస్తే 1.2698, కావాల్సింది 1.27. వంద మిల్లీమీటర్ల పొడవుకు వచ్చే తప్పు 0.0125. నట్టు పొడవు పది మిల్లీమీటర్లే అయినప్పుడు దాన్ని పట్టించుకునేదెవరు?

ఒక్క జాగ్రత్త. ఇలా మిల్లీమీటర్ మరలు కోసేటప్పుడు మధ్యలో హాఫ్‌నట్ (క్యారేజ్‌ను లీడ్‌స్క్రూకు పట్టించే నట్టు) విప్పకూడదు, టూల్ వెనక్కి లాగి మోటారునే వెనక్కి తిప్పి మొదటికి రావాలి. స్పిండిల్ మీదకు మరలతో ఎక్కే చక్ అయితే వెనక్కి తిప్పేటప్పుడు నెమ్మది, లేకపోతే చక్ ఊడి వస్తుంది. ఎం10 బోల్టుకు 1.5 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) మీద లోతు సుమారు 0.92. మూడొంతులు టూల్‌తో కోసి, చివరికి టెయిల్‌స్టాక్‌లో బిగించిన డైతో (బయటి మరలు కోసే బిళ్ల) సాఫు చేసుకోవడం ఇంటివాళ్ల రాజీ మార్గం. టూల్ దారి చూపింది కాబట్టి డై ఒరగదు, డై సాఫు చేస్తుంది కాబట్టి నట్టు ఎక్కుతుంది. లోపలి మరలకు మాత్రం ట్యాప్‌లే సుఖం. వ్యాసంలోంచి పిచ్ తీసేస్తే డ్రిల్ సైజు: ఎం6కు 5, ఎం10కు 8.5.

డ్రిల్లింగ్ మిషన్‌ను మిల్లింగ్‌కు, అంటే తిరిగే కట్టర్‌తో జాబ్‌ను పక్కనుంచి కోయడానికి, వాడొచ్చా అని అందరూ అడుగుతారు. వాడకూడదు. దాని చక్ టేపర్ మీద నొక్కుడుతో నిలిచేది, పక్కబలం పడితే కదిలి ఊడుతుంది, తిరిగే కట్టర్‌తో సహా. లేత్ క్రాస్ స్లైడ్ మీద నిలువు స్లైడ్ బిగించి, చక్‌లో ఎండ్‌మిల్ కట్టర్ పట్టుకుని సన్నటి కీవే (షాఫ్ట్ మీద గాడి) కోసుకోవడం అంతకంటే నయం. అయితే కట్టర్ జాబ్‌ను తన వైపు లాక్కునే దిశలో ఫీడ్ ఇవ్వకూడదు, స్క్రూలో ఉన్న వదులంతా ఒక్క దెబ్బలో తీసేసుకుంటుంది.

లేత్ దగ్గర ప్రమాదాలు చాలావరకు పేరు పెట్టగలిగినవే. చక్‌లో మర్చిపోయిన తాళం చెవి: స్విచ్ వేయగానే తుపాకి గుండు. చేతికి గ్లవ్స్: లాగితే చేతితో సహా లాగుతుంది, తిరిగే మిషన్ దగ్గర ఒట్టి చేతులే క్షేమం. ఇంట్లో ఇంకో రెండున్నాయి, షెడ్డులో తక్కువగా కనిపించేవి: లుంగీ అంచు, చున్నీ. ఇంట్లోనే కదా అని అవి వేసుకునే వచ్చి స్విచ్ వేస్తారు. రిబ్బన్‌లా వచ్చే పొడుగు పొట్టును కొక్కెంతో లాగాలి, చేత్తో కాదు. తిరిగే జాబ్‌కు ఏమరీ పట్టీ చుట్టి రెండు కొసలూ వేళ్లకు మెలిపెట్టుకోవడం అన్నిటికంటే చెడ్డది. ఇత్తడి సూదుల్లా ఎగురుతుంది, కళ్లద్దాలు లేకుండా ఒక్క కట్ కూడా వద్దు.

మొదట్లో లేత్ తప్పు కాదన్నాం. మరి లేత్ తప్పే అయితే ఎలా తెలుస్తుంది? దానికి వంగని జాబ్ కావాలి. 30 మి.మీ. రాడ్ 120 మి.మీ. బయటికి వదిలి, మధ్య భాగాన్ని తగ్గించి, రెండు కొసల్లో రెండు కంకణాల్లా మిగిల్చాలి. అంత మందం కడ్డీ సన్నటి కట్‌కు మైక్రాన్ కూడా వంగదు. బాగా పదునుపెట్టిన హెచ్ఎస్ఎస్ బిట్‌తో, టెయిల్‌స్టాక్ ఆనించకుండా, హ్యాండిల్ ముట్టకుండా రెండు కంకణాల మీదా ఒకే సన్నటి కట్ తీసి కొలవాలి. రెండూ ఒకటే అయితే బెడ్ సరిగ్గా కూర్చుంది. టెయిల్‌స్టాక్ వైపుది లావుగా వస్తే బెడ్ మెలితిరిగి ఉంది, ఆ చివర ముందు కాలు కింద రేకు పెట్టి బిగించాలి. సన్నగా వస్తే వెనక కాలు కింద. రబ్బరు బుడిపెల మీద నిలబెట్టిన మినీ లేత్‌కు ఈ సర్దుబాటు కుదరదు, వాటిని పీకేసి గట్టి ఉక్కు స్టాండ్‌కు బోల్టులు వేయాలి. రేకు కోసం వెతకనక్కర్లేదు. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా గోడ మందం సుమారు 0.1 మి.మీ. ఒక ముక్క కత్తిరించి పెట్టి, బోల్టు బిగించి, మళ్లీ ఒక కట్ తీసి కొలవాలి. మూడు నాలుగు విడతల్లో తేడా 0.01 లోపలికి వస్తుంది.